మసి బొమ్మలు

జనవరి 4, ఆదివారం

ఇంటికి సున్నం వేయిస్తున్నాం. సామాన్లన్నీ వాకిట్లో. నా నల్ల ట్రంకు పెట్టె తాళం తుప్పు పట్టి చేతికి ఊడొచ్చింది. స్వప్న మూత ఎత్తింది. అడుగున రెయిన్‌కోటులో చుట్టిన కట్ట... తాడు విప్పి, అరుగు మీద ఒక్కొక్కటే పరిచింది.

రేషన్ అట్టపెట్టెల ముక్కలు. సిగరెట్ పెట్టెల లోపలి వైపు. ఉత్తరాల వెనక. అన్నిటి మీదా మసితో గీసిన బొమ్మలు. బంకర్‌లో రొట్టె కాలుస్తున్న నాయక్. రేడియో చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్న సిపాయి. మంచులోంచి బయటికి కనిపిస్తున్న బూటు.

"ఇవన్ని నువ్వే గీసినవా బాపూ?"

నేను బకెట్లో సున్నం కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను.

"ఇన్నేండ్లు చెప్పలేదేంది? గింత మంచిగ గీస్తవని..."

కాదు అనాలి. రెండక్షరాలు. అనలేదు.

అవి విఠల్ గీసినవి. కనీసం ఈ కాగితం మీద నిజం ఉండాలి.

జనవరి 5

స్వప్న బొమ్మల ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టింది. 'మా బాపు యుద్ధంలో గీసినవి.' పొద్దున బ్యాంకు గేటు దగ్గర కాపలాకు నిలబడ్డానో లేదో, మేనేజర్ సార్ వచ్చి చేయి పట్టుకుని ఊపాడు. "సమ్మయ్యా, నువ్వు ఆర్టిస్టువని మాకు తెల్వదు." కౌంటర్లో అమ్మాయిలు లేచి నిలబడి చూశారు.

తుపాకీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాను. అదే నా జవాబు.

జనవరి 7

స్వప్న పాఠాలు చెప్పే బడి హెడ్‌మాస్టరు ఇంటికి వచ్చాడు. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక, హాల్లో బొమ్మలన్నీ పెడతాడట. ఫ్రేములు ఆయనే కట్టిస్తాడట. మంచి మనిషి. చెప్పులు బయట విప్పి, కింద కూర్చుని చూశాడు.

"అంత పైన, కొండ మీద రంగులెక్కడియి సార్?"

చెప్పాను. కిరోసిన్ పొయ్యి గొట్టంలో మసి పేరుకుంటుంది, దాన్ని చెంచాతో గీకాలి. చక్కెర ఎక్కువ వేసిన చాయ్‌లో కలిపితే అట్టకు అంటుకుంటుంది. సన్న గీతకు అగ్గిపుల్ల. నీడలకు బొటనవేలు.

ఇలా, అని బొటనవేలు గాలిలో తిప్పి చూపించాను.

మొన్నటిది ఊరుకోవడం. ఇవాళ్టిది అబద్ధం. విఠల్ నాకు చెప్పిన మాటలు, విఠల్ వేలు తిప్పిన తీరు... అన్నీ నావి చేసుకుని చెప్పాను. తడబడలేదు కూడా.

జనవరి 8

ఒక్కసారైనా మొత్తం రాయాలి.

కొండ మీద యుద్ధం జరిగిన ఆ ఏడు. మా చౌకీలో ఎనిమిది మందిమి. తెలుగు మాట్లాడేది ఇద్దరం — నేను, ఆదిలాబాద్ విఠల్. నాకంటే మూడేళ్లు చిన్నవాడు. వాళ్ల నాయన పోలా పండుగకు ఊరందరి ఎడ్లకూ కొమ్ములకు రంగులేసి, వీపుల మీద పువ్వులు గీసేవాడట. అట్లా వచ్చింది వీడికి చేతిలోకి. ఖాళీ దొరికితే చాలు, ఎవరో ఒకరి మొహం గీస్తూ ఉండేవాడు. గీయించుకున్నవాళ్లు ఇంటికి పంపుతామని అడిగితే ఇచ్చేవాడు కాదు. "అందరియి ఒక్కకాడ ఉండాలె" అనేవాడు.

ఆ వారమే ఇంటి నుంచి ఉత్తరం. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. జేబులో పెట్టుకున్నాను. అప్పటిదాకా లేని భయం ఆ ఉత్తరంతో వచ్చింది.

కిరోసిన్ కింది మలుపు నుంచి మోసుకురావాలి. దారి శత్రువు కళ్ల ముందే. రోజూ ఒకరి వంతు. ఆ పొద్దు నా వంతు. గాలి లేచింది, మంచు పడుతోంది. జ్వరం అన్నాను. స్లీపింగ్ బ్యాగ్ తల మీదికి లాక్కుని పడుకున్నాను. జ్వరం లేదు.

విఠల్ వచ్చి కాసేపు నా పక్కన కూర్చున్నాడు. అట్ట మీద గరగరమని చప్పుడు. ఉత్తరం రాస్తున్నాడనుకున్నాను. తరవాత లేచాడు. నా డబ్బా వాడు తీసుకుని పోయాడు.

డబ్బా మూత ఊడి కిరోసిన్ కుడి చేతి గ్లౌజు మీద ఒలికింది. ఆ చలిలో కిరోసిన్ తడి అంటే వేళ్లు గడ్డకట్టినట్టే. అయినా డబ్బా వదల్లేదు. పైకి తెచ్చాడు. ఆ రోజు ఏడుగురం చలి కాచుకున్నది వాడు తెచ్చిన కిరోసిన్‌తోనే. తరవాత ఆస్పత్రిలో వాడి కుడి చేతి నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

కిందికి మోసుకుపోతుంటే, జాగ్రత్తగా ఉంచమని నాతో అన్న మాట: "నా కట్ట పైలం సమ్మన్నా."

కట్ట విప్పి చూశాను. అన్నిటికంటే పైన నేను. స్లీపింగ్ బ్యాగ్‌లో ముడుచుకుని, గుడ్డ సందులోంచి ఒక కన్ను తెరిచి చూస్తున్న నేను.

వాడికి తెలుసు. తెలిసే నా డబ్బా ఎత్తుకున్నాడు.

మూడు వారాలకు ఆస్పత్రిలో కలిశాను. కట్ట ఏదని అడిగాడు. "పొయ్యి అంటుకున్నది విఠల్. అన్ని కాలిపోయినయ్." ఆ ఒక్క బొమ్మ తీసేసి మిగతావి ఇయ్యొచ్చు కదా అని ఇన్నేళ్లలో వందసార్లు అనుకున్నాను. అదేదని అడుగుతాడని భయం. అడిగితే ఏం చెప్పాలి. అబద్ధం ఆడిన మరునాడే వాడిని వేరే ఆస్పత్రికి పంపించారు. ఆ తర్వాత ప్రతి ఏడూ చెప్పడం ముందటి ఏటికంటే కష్టమైంది.

వాడు ఏడవలేదు. కట్టు కట్టిన చెయ్యి చూసుకుని, "పోనీ తియ్" అన్నాడు.

ఆ కన్ను తెరిచిన బొమ్మ కట్టలో లేదు. నా డిశ్చార్జి కాగితాల కవరులో ఉంది. స్వప్న దాన్ని చూడలేదు.

జనవరి 11, ఆదివారం

నా భార్య రాజేశ్వరికి వేములవాడ రాజన్న గుడికి పోతున్నానని చెప్పి, తెల్లవారుతూనే ఆదిలాబాద్ బస్సు ఎక్కాను. జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్... ప్రతి స్టేజీలో దిగిపోదామనిపించింది.

ఎప్పుడో వచ్చిన విఠల్ పెళ్లి కార్డు మీద ఊరి పేరు ఉంది. ఊళ్లో అడిగితే, పత్తి మార్కెట్ పక్కన చాయ్ హోటల్ అన్నారు. రోడ్డు పొడుగునా పత్తి బండ్లు. జుట్టు మీద, రెప్పల మీద దూది.

గుర్తుపట్టింది వాడే.

"సమ్మన్నా... నువ్వేనా? ఇన్నేండ్లకు యాదికొచ్చిననా?"

వాటేసుకున్నాడు. వీపు మీద బొటనవేలు ఒక్కటే గట్టిగా తగిలింది.

భార్య సునందాబాయి "కూసో దాదా" అని స్టూలు తుడిచింది. విఠల్ ఎడమ చేత్తో చాయ్ పోస్తాడు. గ్లాసును కుడి అరచేతికి బొటనవేలుతో అదిమి పట్టి తెచ్చిస్తాడు. ఒక్క చుక్క ఒలకదు. జుట్టంతా తెల్లబడింది. నవ్వు మాత్రం అదే.

కొడుకు గణేశ్, ట్రాలీ ఆటో నడుపుతాడు, చాయ్‌కి ఆగాడు. నన్ను పరిచయం చేస్తే నవ్వుతూ అన్నాడు —

"అయితే మీరే చెప్పాలె కాకా. మా బాపు పైన అందరి బొమ్మలు గీస్తుండెనంటడు. ఒక్కటన్న చూపియ్యి అంటే లేదంటడు. ఉట్టిగనే గప్పాలు కొడ్తడా?"

విఠల్ కూడా నవ్వాడు. "కాలిపోయినయ్ రా అంటే నమ్మవైతివి. సమ్మన్నను అడుగు. ఆయననే సాక్షి."

ఇద్దరూ నా వైపు చూశారు.

తల ఊపాను.

చెప్పడానికి పోయినవాణ్ణి. తల ఊపి, రెండో చాయ్ తాగి, బస్సెక్కి వచ్చాను.

జనవరి 12

రాజేశ్వరి: "రాజన్న దగ్గరికి పోయి ప్రసాదం లేకుంట అచ్చినవా?"

లైను పెద్దగా ఉందన్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఒక మాట అడుగుత. గా బొమ్మలు ఎవరియి?"

చొక్కా దులుపుకుంటూ లేవబోయాను.

"ఇరవై ఎనిమిదేండ్లాయె నీతోని కాపురం. పిల్ల చిన్నగున్నప్పుడు పలక మీద పిల్లి బొమ్మ గియ్యమంటే పంది లెక్క గీసినవ్. గా పోరి నమ్మితే నమ్మింది. నేనెట్ల నమ్ముత?"

చెప్పాను. జ్వరం సంగతి, డబ్బా సంగతి, నిన్న తల ఊపిన సంగతి.  చివరికి — "ఉత్తరం నేనే రాయించిన గదా" అంది. లేచి పోయింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్న చప్పుడు.

జనవరి 14

ఫ్రేములు ఇంటికి వచ్చాయి. ప్రతి ఫ్రేము కింద అచ్చు వేసిన చీటీ, నా పేరుతో. ముందు గదంతా నా పేరే.

జనవరి 16

స్వప్నకు చెప్పాను. కన్ను తెరిచిన బొమ్మ తెచ్చి చేతికిచ్చి చెప్పాను. మాటలు ముందు వస్తే మళ్లీ వంకర తిరుగుతాయని.

కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది.

"గిది నేను పుట్టినప్పటిదా?"

"అవును బిడ్డా. నీ మొహం చూడకుండ పోతనేమోనని..."

"అద్దు బాపూ." గొంతు పెంచలేదు. "నీ భయం నా మీద ఎయ్యకు. నాకు నెల గూడ లేదు అప్పుడు."

నిజం. ఇన్నేళ్లూ నాలో నేను చెప్పుకున్న సాకు అదొక్కటే. బిడ్డ కోసం... బిడ్డే ఇవాళ దాన్ని తీసి నా చేతిలో పెట్టింది.

తరవాత నేల మీద కూర్చుని, గోటితో ఒక్కో చీటీ గీకడం మొదలుపెట్టింది. సాయం చేద్దామని వంగాను. "నువ్వు ముట్టకు" అంది. వెనకాల మేకులు విప్పి బొమ్మలన్నీ బయటికి తీసింది. పాత రెయిన్‌కోటులోనే చుట్టింది. ఫోన్‌లో పెట్టినవి తీసేసింది. హెడ్‌మాస్టరుకు తనే ఫోన్ చేసింది. గదిలోంచి వినిపిస్తోంది... "సారీ సార్. లేదు సార్. మా బాపు గీయలే సార్."

జనవరి 18, ఆదివారం

ఈసారి కట్టతో.

హోటల్లో గిరాకీ ఉంది. బెంచీ మీద కూర్చుని, అందరూ పోయేదాకా ఆగాను. విఠల్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "వారం తిరగంగనే మళ్ల అచ్చినవు. ఏమన్న పరేషానా సమ్మన్నా?"

కట్ట బల్ల మీద పెట్టాను. "కాలలే విఠల్. నేనే దాచిన."

రెయిన్‌కోటు గుర్తుపట్టాడు. అది వాడిదే. ఎడమ చేత్తో తాడు విప్పబోతే ముడి రాలేదు. నేను విప్పబోయాను. చేయి అడ్డం పెట్టాడు. సునందాబాయి వచ్చి విప్పింది.

ఒక్కొక్కటే తీశాడు. అంచు పట్టుకుని, వెలుతురుకు తిప్పి.  రొట్టెలు కాల్చే నాయక్ దగ్గర ఆగాడు. ఆయన ఆ కొండ దిగలేదు. బొటనవేలు తెచ్చి ఆయన చెంప మీద నీడ పడిన చోట ఆనించాడు. అప్పుడు పెట్టిన వేలి ముద్ర అక్కడే ఉంది.

అన్నీ అయ్యాక అడిగాడు. "పండుకున్నది ఏది?"

జేబులోంచి తీసి ఇచ్చాను. దూరంగా పట్టుకుని చూశాడు.

"కన్ను మంచిగ కుదరలే" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. వాడికి రాలేదు.

"నీకు జరమొస్తలేదని ఎరికనే సమ్మన్నా. కొత్తగ బిడ్డ పుట్టినోడు, భయపడ్తుండు, పోనీ అనుకున్న. నేనే పోయిన. నువ్వు పంపలే. వేళ్లు పాయె... అది మంచు తీస్కపోయింది. నేను నిన్ను ఒక్కనాడు తిట్టుకోలే. సునందను అడుగు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"గని ఇవి మంచు తీస్కపోలే. నువ్వు తీస్కపోయినవ్."

నేను ఏదో అనబోయాను.

"విను జర. ఆస్పత్రిల పండుకోని ఏమనుకున్న ఎరికేనా? చెయ్యి పోతే పోయింది, చేసిన పని ఉన్నది గదా అని. నువ్వు కాలిపోయినయంటివి. ఇంటికచ్చినంక ఎడమ చేత్తోని శానా దినాలు గీసి చూసిన. ఎడ్లను గీస్తే కుక్కలైనయ్. నాకే అనుమానం రాబట్టింది. నాకు నిజంగ గియ్యవస్తుండెనా? లేకుంటే అదంత కలనా? కొడుకు నవ్వితే నేను గూడ నవ్వుతుంటి. మొన్న నీ ముందట గూడ నవ్విన."

ఆటో వచ్చి ఆగింది. గణేశ్. దిగి, బల్ల మీదున్నవి చూశాడు. ఒకటి ఎత్తాడు, ఇంకొకటి. "బాపూ... గివి నువ్వు..." అని ఆగిపోయాడు. తండ్రి కుడి చేతి వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. అప్పటికి నవ్వు లేదు ఆ మొహంలో.

విఠల్ కట్ట దగ్గరికి లాక్కున్నాడు. పడుకున్న బొమ్మ ఒక్కటి నా ముందుకు తోశాడు.

"గిది నీదే. నువ్వే ఉంచుకో. ఇగ బస్సుకు టైమయితది, పో."

సునందాబాయి చాయ్ పోసి పెట్టింది. తాగలేదు. తాగమని వాడూ అనలేదు.

జనవరి 19

ఎప్పటిలాగే డ్యూటీ. గేటు దగ్గర ఎనిమిది గంటలు. ఎవరెవరు వచ్చిపోయారో తెలియదు.

జనవరి 22

హెడ్‌మాస్టరు ఫోన్. బొమ్మలు లేకపోయినా ఫర్వాలేదట, పిల్లలకు ముందే చెప్పేశారట, వచ్చి నాలుగు మాటలు మాట్లాడమన్నాడు. "మీ ఫ్రెండ్ గీసిండని చెప్తే సరిపోతది సార్. మిగతాదెందుకు?"

మిగతాదే కదా అసలు సంగతి. ఆయనతో ఆ మాట అనలేదు.

జనవరి 26

మెడల్స్ పెట్టుకోలేదు. రాజేశ్వరి ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. ఆమె నాతో మాట్లాడక పది రోజులు దాటింది, చొక్కా మాత్రం పెట్టింది.

జెండా ఎగరేశారు. పిల్లలు ఎండలో వరుసగా. మైకు ఇచ్చారు. ఒక సిపాయి ఉండేవాడు, పేరు విఠల్, ఆదిలాబాద్ జిల్లా, పొయ్యి మసితో బొమ్మలు గీసేవాడు, అని మొదలుపెట్టాను. నా వంతు పని తను చేయబోయి వేళ్లు పోగొట్టుకున్నాడని చెప్పాను. ఆ రోజు నాకు జ్వరం లేదని చెప్పాను. వాడి బొమ్మలు ఇరవై ఆరేళ్లు దాచానని, మీ బడిలో నావి అని పెట్టబోయానని చెప్పాను. పెద్దవాళ్లంతా కాళ్ల వైపు చూసుకుంటున్నారు. స్వప్న తన క్లాసు పిల్లల వెనక నిలబడి నన్నే చూస్తోంది. తల తిప్పలేదు.

అయిపోయాక పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరు మాట్లాడినా కొడతారు.

హెడ్‌మాస్టరు మైకు తీసుకుంటూ నా కళ్లలోకి చూడలేదు. ఇంటికి నడిచి వచ్చాను. తేలిక పడతాననుకున్నాను... లేదు. నేను చెప్పింది వినాల్సిన మనిషి అక్కడ లేడు.

జనవరి 27

బ్యాంకులో మేనేజర్ సార్‌కు కూడా చెప్పాను. "అట్లనా" అని కంప్యూటర్ వైపు తిరిగాడు.

జనవరి 30

పడుకున్న బొమ్మను ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ట్రంకులో పెడితే మళ్లీ దాచినట్టే. గోడకు పెడితే... చివరికి స్వప్నే తీసుకుని, తను పుస్తకాలు పెట్టుకునే గూట్లో, ఎదురుగా కనిపించేట్టు నిలబెట్టింది. 

ఫిబ్రవరి 1, ఆదివారం

మధ్యాహ్నం ఫోన్. కొత్త నంబరు. గణేశ్.

"కాకా, నేను." నమస్తే లేదు, బాగున్నావా లేదు. "బాపు అన్ని బొమ్మల ఎనక పేర్లు రాపిస్తుండు నాతోని. ఎవరిది ఏ ఊరు, ఎవరు దిగిండ్రు, ఎవరు దిగలే... అన్ని చెప్పిండు. ఒక్కటి కాడ ఆగిండు. రెండు దినాలాయె, అన్నం సక్కగ తింటలేడు. గిది పంపిన, చూడు."

బొమ్మ తెరిచాను. ఒక మనిషి పెట్టె మీద కూర్చుని ఆలుగడ్డ చెక్కు తీస్తున్నాడు. మన వైపు వీపు. మొహం లేదు. పెద్ద చెవులు, మెడ మీద పుట్టుమచ్చ, భుజం మీద కంబళి.

అతను నాకు గుర్తున్నాడు. ఆలుగడ్డ చెక్కు ఒక్క ముక్కగా, తెగకుండా తీసేవాడు. పాట పాడేవాడు, మాకు అర్థంకాని ఏదో భాషలో. మా దగ్గరికి వచ్చింది తొమ్మిది రోజులే. పదో రోజు పొద్దున నీళ్ల కోసం మంచు తవ్వడానికి బయటికి పోయాడు. నేనూ విఠలే మోసుకొచ్చాం లోపలికి.

పేరు... రావడం లేదు.

"యాదికొస్తలేదు గణేశ్."

అటువైపు ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఊపిరి. ఆ ఊపిరి నాకు తెలుసు, ఒకే బంకర్‌లో నాలుగు నెలలు పక్కనే విన్నాను.

"సమ్మన్నా." విఠల్. "నీకు గూడ యాదికి లేదా?"

"లేదు విఠల్."

"తలకాయ నా మీదున్నది, కాళ్లు నువ్వు పట్టినవ్."

"అవును."

"గా పాట?"

"పాట యాదికున్నది. పేరు లేదు."

 హోటల్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు, పత్తి బండి హారన్. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఇప్పుడు అడిగితే అదీ నా కోసమే అవుతుందనిపించి మింగేశాను.

"ద తో మొదలైతదా?" అన్నాడు.

"న అనుకుంట."

"న కాదు."

 వాడు ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఫిబ్రవరి 2

దినేశ్, దయాల్, దేవీ... న తో కూడా రాసి చూస్తున్నాను. ఒక్కటీ కాదు.